ఆ నరాన్ని తప్పించుకుంటే కాదు, వెతికి చూస్తేనే గొంతు పైలం

పోయిన నెల ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముకుని, ఆ పైసలు ఇంకా జేబులో ఉండగానే సక్కగా మా హాస్పిటల్‌కు వచ్చాడు సంగెం వైపు రైతు ఒకాయన. భార్యకు మెడ ముందు కుడి పక్కన నిమ్మకాయంత థైరాయిడ్ గడ్డ, నిరుటి కంటే పెరిగింది, సూది పరీక్షలో అనుమానం ఉందని రాశారు, ఆపరేషన్ చేయాలన్నారు. డాక్టర్ ముందర తలూపి బయటికి వచ్చి, కారిడార్‌లో నన్ను పట్టుకుని అసలు సంగతి అడిగాడు. "తమ్మీ, ఆ ఆపరేషన్ల నరం తెగితే మాట పోతదంట గద? మా పక్కూర్ల ఒకామెకు గట్లనే అయిందంటున్నరు." గడ్డ క్యాన్సరా కాదా అన్నది కూడా ఆయనకు అంత రంది కాదు, మాట పోతుందేమో అన్నదే రంది.

నేను డాక్టర్‌ని కాను. హనుమకొండలో ఒక ఆపరేషన్ థియేటర్‌లో 12 ఏళ్లుగా అనస్థీషియా టెక్నీషియన్‌ని, పేషెంట్ తల దగ్గర నిలబడే మనిషిని, అంటే థైరాయిడ్ ఆపరేషన్ జరిగేటప్పుడు ఆ మెడకు జానెడు దూరంలో ఉండేవాణ్ని. ఆ రైతుకు కారిడార్‌లో పది నిమిషాల్లో చెప్పింది సరిపోలేదనిపించింది, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

ముందు ఆ 'నరం' అనే మాట దగ్గరే చిక్కు ఉంది. మన దగ్గర అన్నీ నరాలే. సెలైన్ ఎక్కించడానికి దొరకనిది నరమే, మెడ పట్టేస్తే నరం పట్టింది అంటాం, కాలి పిక్క గుంజినా నరం గుంజింది అంటాం. మొదటిది రక్తనాళం, తర్వాతి రెండూ చాలాసార్లు కండరాలు. ఇక్కడ మనం మాట్లాడేది వేరే నరం, మెదడు నుంచి కబురు మోసుకొచ్చే కరెంటు తీగ లాంటిది. అందులో రక్తం ఉండదు, తెగినా కారదు, అందుకే తెగినా నలిగినా ఆ క్షణంలో ఎవరికీ తెలియకపోవచ్చు. ఇంకో సంగతి, నరానికి దెబ్బ అంటే తెగడం ఒక్కటే కాదు. తెగడం చాలా తక్కువ. ఎక్కువసార్లు జరిగేది సాగడం.

మా చిన్నమ్మకు జరిగింది అదే. పరకాల దగ్గర ప్రైమరీ స్కూల్ టీచర్ ఆమె, వరండాలో నిలబడి పిలిస్తే గ్రౌండ్ అవతలి పిల్లలు వెనక్కి తిరిగేంత గొంతు. ఎడమ పక్క థైరాయిడ్ భాగం తీశారు, నేను అప్పటికింకా ఈ కోర్సు చదువుతున్నా. రెండో రోజు మాట్లాడితే మాట కంటే గాలి ఎక్కువ వచ్చింది, ఒక వాక్యం పూర్తి చేయడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంటోంది. మంచినీళ్లు తాగిన ప్రతిసారీ పొలమారింది. అమ్మమ్మ ఆమె నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారు బిడ్డా అంది, మేమందరం అదే అనుకున్నాం. ఆ పొలమారడమే గుర్తు అని అప్పుడు మా ఎవరికీ తెలియదు. మత్తులో గాలి కోసం ట్యూబ్ వేసినందుకు గొంతు రాసుకుంది, నాలుగు రోజుల్లో తగ్గుతుందని చెప్పి డిశ్చార్జ్ చేశారు. చాలామంది విషయంలో ఆ మాట నిజమే, ట్యూబ్ వల్ల బొంగురు రావడం మామూలే, కానీ ఆమె గొంతులోకి కెమెరా పెట్టి ఒక్కసారి చూసిన వాళ్లు లేరు, ఆపరేషన్‌కు ముందూ లేరు, తర్వాతా లేరు. మూడు వారాల తర్వాత మేమే ఒక ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే, ఎడమ వోకల్ కార్డ్ కదలట్లేదని తేలింది.

ఆ కదలిక ఏంటో చెప్పాలి. స్వరపేటికలో రెండు తెల్లటి పట్టీలుంటాయి, వాటినే వోకల్ కార్డ్స్ లేదా స్వరతంతువులు అంటాం. ఊపిరి పీల్చేటప్పుడు తలుపు రెక్కల్లా తెరుచుకుంటాయి, మాట్లాడేటప్పుడు దగ్గరికొచ్చి ఆనుకుని అదురుతాయి, మింగేటప్పుడు గట్టిగా మూసుకుని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపలా కాస్తాయి. ఈ రెక్కలను కదిలించే కండరాల్లో దాదాపు అన్నింటికీ, ఒక్కటి తప్ప, కబురు తెచ్చేది ఒకే నరం, ఏ పక్కది ఆ పక్కకు. దాని పేరు రికరెంట్ లారింజియల్ నర్వ్, అంటే వెనక్కి తిరిగి వచ్చే స్వరపేటిక నరం.

ఆ పేరు ఊరికే రాలేదు. మెదడు నుంచి దిగే వేగస్ అనే పెద్ద నరం స్వరపేటిక పక్క నుంచే పోతుంది గానీ అక్కడ ఈ కొమ్మను ఇవ్వదు. ఛాతీ దాకా దిగాక ఇస్తుంది. ఎడమ పక్కన గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపు కింది నుంచి, కుడి పక్కన చేతికి పోయే పెద్ద ధమని కింది నుంచి, గిరక మీద చేంతాడు తిరిగినట్టు తిరిగి మళ్లీ మెడలోకి ఎక్కుతుంది. గర్భంలో పిండం పెరిగేటప్పుడు గుండె మెడ దగ్గర నుంచి ఛాతీలోకి దిగుతూ ఈ నరాన్ని కూడా కిందికి లాక్కుపోవడం వల్ల ఈ చుట్టు తిరుగుడు. జిరాఫీలో ఇదే నరం కొన్ని మీటర్ల పొడవుంటుంది. రెండో శతాబ్దంలో రోమ్‌లో గేలెన్ అనే వైద్యుడు, అరుస్తున్న పందికి ఈ నరాలు కోయగానే అరుపు ఆగిపోవడం అందరి ముందూ చూపించాడు, గొంతు నడిచేది మెదడు ఆజ్ఞతోనే అని అట్లా రుజువు చేశాడు.

మెడలోకి తిరిగి ఎక్కాక ఈ నరం గాలిగొట్టానికీ అన్నవాహికకూ మధ్య సందులో పైకి పోతుంది, అంటే సరిగ్గా థైరాయిడ్ వెనకాల. థైరాయిడ్‌ను తీయాలంటే దీని పక్క నుంచి పోక తప్పదు. లావు ఎంతంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు, ఉడికిన సేమ్యా పోగు అనుకోండి, రంగూ అట్లాగే తెల్లగా ఉంటుంది, తడిగా మెరుస్తుంది, మీద ఒక సన్నటి ఎర్ర రక్తనాళం పాకి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇంత సన్నటి, ఇంత ముఖ్యమైన నరాన్ని కాపాడాలంటే దాని జోలికి పోకుండా ఉండాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చాలాకాలం గొప్ప గొప్ప సర్జన్లే అట్లా అనుకున్నారు. 19వ శతాబ్దం నడుమ వరకూ థైరాయిడ్ కోత అంటే రక్తస్రావంతో ప్రాణం పోయే పని. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో థియోడర్ కోకర్ ఒక్కో రక్తనాళాన్నీ ఓపికగా కట్టుకుంటూ చేసి మరణాలను నూటికి ఒకటి కంటే కిందికి తెచ్చాడు, అందుకు 1909లో నోబెల్ వచ్చింది. ప్రాణభయం తగ్గాక గొంతు సంగతి ముందుకొచ్చింది. నరం ఉండే చోట గ్రంథిలో కొంత ముక్క వదిలేసి, దాన్ని కదపకుండా వచ్చేయడమే క్షేమం అనేది అప్పటి పద్ధతి. 1938లో బోస్టన్ సర్జన్ ఫ్రాంక్ లేహీ దీన్ని తిరగేశాడు. ప్రతి ఆపరేషన్‌లోనూ నరాన్ని వెతికి, బయటపెట్టి, కళ్లారా చూస్తూ పనిచేస్తే దెబ్బలు తగ్గుతాయని తన కేసులతో చూపించాడు. ఈ రోజుకీ ప్రపంచమంతా మూలసూత్రం అదే. కనబడని నరానికే ప్రమాదం ఎక్కువ.

అయితే వెతకడం అంత సులువు కాదు, ఎందుకంటే ఏ ఇద్దరిలోనూ అది ఒకేలా ఉండదు. థైరాయిడ్‌కు కింది నుంచి వచ్చే ధమని ఉంటుంది, నరం కొందరిలో దాని వెనక నుంచి పోతుంది, కొందరిలో ముందు నుంచి, కొందరిలో దాని కొమ్మల మధ్య నుంచి. స్వరపేటికలోకి దూరకముందే రెండు మూడు పాయలుగా చీలిపోవడమూ ఉంది, ఒక పాయ కాపాడి రెండోది చూసుకోకపోతే పని చెడినట్టే. పెద్ద గడ్డ అయితే నరాన్ని ఉండాల్సిన చోటు నుంచి పక్కకు నెట్టి, తన మీద పరిచి ఉంచుతుంది. వందకో రెండు వందలకో ఒకరిలో కుడి పక్క నరం అసలు చుట్టు తిరగదు, వేగస్ నుంచి అడ్డంగా సక్కగా స్వరపేటికకు వచ్చేస్తుంది, చేతి ధమని పుట్టుకతోనే వేరే దారిన ఉన్నవాళ్లలో ఇట్లా జరుగుతుంది. ఆ సంగతి తెలియని చేయి దాన్ని రక్తనాళం అనుకుని కట్టేసే ప్రమాదం ఉంది. అందుకే మా సర్జన్ ఒకాయన, నరమో కాదో తేలేదాకా అడ్డంగా పోయే ఏ తీగనూ కట్ చేయరు.

నరం స్వరపేటికలోకి దూరే ముందు చివరి సెంటీమీటర్, రెండు సెంటీమీటర్లు ఉంటాయి చూడండి, అసలు గండం అక్కడ. థైరాయిడ్‌ను గాలిగొట్టానికి బిగించి పట్టి ఉంచే గట్టి పొర ఒకటి ఉంటుంది, బెర్రీ లిగమెంట్ అంటారు. నరం దాన్ని ఆనుకునే పోతుంది. లోతుగా ఉన్న చోటు కనబడాలంటే గ్రంథిని పైకి, లోపలి వైపుకి ఎత్తి పట్టాలి, ఎత్తితే ఆ పొర, దానితో పాటు నరమూ గుడారం తాడులా సాగుతాయి. పైగా అక్కడే సన్నటి రక్తనాళాలు ఎక్కువ, కొద్దిగా కారినా ఆ సందు ఎర్రగా నిండిపోతుంది. నేను మొదటిసారి అది దగ్గర నుంచి చూసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. గంటన్నర చకచకా నడిచిన చేతులు ఒక్కసారిగా నెమ్మదించాయి. థియేటర్‌లో మాటలు ఆగాయి. రక్తం కారుతుంటే సర్జన్ మాడ్చి ఆపే కాటరీ అడగలేదు, చిన్న తడి గాజ్ గుడ్డ ముక్క నొక్కి పెట్టి అట్లాగే ఉన్నారు, రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, ఎవరూ ఏమీ అనలేదు. తీసి చూస్తే రక్తం ఆగింది, కింద తెల్లటి పోగు కనిపించింది. "అదిగో, చూశావా" అన్నారు అంతే.

కాటరీ అడగకపోవడంలో ఉంది కిటుకు. కరెంటుతో మాడ్చి రక్తం ఆపే పరికరాలు, కొత్తగా వచ్చిన హార్మోనిక్ లాంటివీ పనిని వేగం చేస్తాయి గానీ, వాటి వేడి ముట్టుకున్న చోటే ఆగదు, కొన్ని మిల్లీమీటర్లు చుట్టూ పాకుతుంది. పని అయిపోయాక కూడా ఆ మొన కొన్ని సెకన్లు కాలుతూనే ఉంటుంది. నరం పక్కన వేడి వద్దు, దారంతో కట్టడమో క్లిప్పో నొక్కి పట్టడమో మేలు. లాగడంలోనూ అంతే, అసిస్టెంట్ చేతిలోని లాగుడు ఎప్పుడు సడలించాలో తెలిసిన సర్జన్ దగ్గర నరం బతుకుతుంది. లాగుడు వల్ల దెబ్బతిన్న నరం కంటికి బాగానే కనిపిస్తుంది, తెగదు, రంగు మారదు, కానీ కబురు మోయడం ఆపేస్తుంది.

కంటికి కనబడని ఆ దెబ్బను పట్టుకోవడానికే నర్వ్ మానిటర్ వచ్చింది. ఇందులో నా పని ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. మత్తు ఇచ్చాక గాలి కోసం వేసే ట్యూబ్ మీద ఎలక్ట్రోడ్ పట్టీలుంటాయి, అవి సరిగ్గా రెండు వోకల్ కార్డ్స్‌కీ ఆనాలి. సర్జన్ చిన్న పుల్ల లాంటి ప్రోబ్‌తో నరాన్ని తాకి ఒక మిల్లీ ఆంపియర్ అటూ ఇటూ కరెంటు ఇస్తే, నరం బాగుంటే కార్డ్ అదురుతుంది, పట్టీ ఆ అదురును పట్టుకుని తెర మీద అలగా చూపిస్తుంది, టక్ టక్ మని శబ్దం వస్తుంది. చెప్పినంత సులువు కాదు. కండరాలను సడలించే మందు మామూలు మోతాదులో ఇస్తే నరం బాగున్నా కార్డ్ అదరదు, కాబట్టి తొందరగా దిగిపోయే మందే వాడాలి. ట్యూబ్‌కు జెల్లీ రాయకూడదు. ఇవన్నీ చేసి ట్యూబ్ సరిగ్గా పెట్టాక, మెడను ఆపరేషన్ కోసం వెనక్కి వంచగానే ట్యూబ్ సెంటీమీటరో రెండో జరుగుతుంది! అందుకే మెడ వంచిన తర్వాత మళ్లీ ఒకసారి లోపల చూసి సరిచేస్తాం. ఈ ఒక్కటి మరిచిపోతే గంట తర్వాత శబ్దం రాదు, అందరికీ టెన్షన్, నరం పోయిందా ట్యూబ్ జరిగిందా తెలియదు.

మిషన్ ఉంటే చాలా, లేకపోతే ప్రమాదమా? అట్లా కాదు. కళ్లతో నరాన్ని చూసి చేయడం కంటే మానిటర్ వాడటం వల్ల శాశ్వత నష్టం కచ్చితంగా తగ్గుతుందని గట్టిగా చెప్పలేమనే 2019లో, జరిగిన అధ్యయనాలను కలిపి చూసే కోక్రేన్ సంస్థ సమీక్ష కూడా తేల్చింది. చివర్లో శబ్దం బాగా వస్తే నరం బాగుందని చాలావరకు నమ్మొచ్చు, శబ్దం రాకపోతే మాత్రం నరం పోయినట్టు కాదు. నా దృష్టిలో దాని అసలు విలువ రెండు చోట్ల ఉంది. ఒకటి, ఇంతకుముందు ఆపరేషన్ అయి లోపలంతా అతుక్కుపోయిన మెడలో. రెండోది, మొత్తం థైరాయిడ్ తీయాల్సిన కేసుల్లో. మొదటి పక్క పూర్తయ్యాక సిగ్నల్ పోయి, ఎంత చూసినా తిరిగి రాకపోతే, రెండో పక్క ముట్టుకోకుండా ఆపేసి కుట్లు వేసేయొచ్చు, కొన్ని వారాలో నెలలో ఆగి కార్డ్ తేరుకున్నాక మిగిలింది చేయొచ్చు. పని సగంలో ఆపారేంటని ఇంటివాళ్లు కోపానికొస్తారు. దయచేసి కోపం చేసుకోకండి, అట్లా ఆపిన సర్జన్ మీ మనిషికి మేలు చేశారు. ఎందుకంటే ఒక పక్క నరం పోతే గొంతు బొంగురు, రెండు పక్కలా పోతే ఊపిరే కష్టం. రెక్కలు రెండూ మధ్యలో మూసుకుని తెరుచుకోవు, గొంతులో ఈల వచ్చినట్టు శబ్దం, అప్పటికప్పుడు మెడ ముందు రంధ్రం చేసి గాలి అందించాల్సి రావచ్చు. ఇది చాలా అరుదు, కానీ ఈ ఆపరేషన్‌లో మేమందరం లోలోపల భయపడేది దీనికే.

ఇందాక ఒక కండరం తప్ప అన్నాను కదా, దాని సంగతీ చెప్పాలి. స్వరతంతువులను వీణ తీగలా బిగించే కండరం అది, దానికి వేరే నరం వస్తుంది, థైరాయిడ్ పై కొన దగ్గర రక్తనాళాలతో కలిసి దిగే సన్నటి కొమ్మ. ఇది దెబ్బతింటే మామూలు మాట బాగానే ఉంటుంది, హెచ్చు స్వరం రాదు, కేక వేయలేరు, సాయంత్రానికి గొంతు అలసిపోతుంది. అమెలీటా గల్లీ కుర్చీ అనే ఇటలీ గాయనికి 1935లో షికాగోలో గాయిటర్, అంటే థైరాయిడ్ వాపు ఆపరేషన్ అయింది, ఆమె గొంతు ఈ నరం వల్లే పోయిందని దశాబ్దాల పాటు సర్జన్లకు పాఠంగా చెప్పారు. 2001లో ఆ కథను తిరగదోడిన పరిశోధకులు ఆమె గొంతు అంతకుముందే తగ్గుముఖం పట్టిందనీ, ఆపరేషన్‌ను తప్పు పట్టడానికి ఆధారం లేదనీ రాశారు. ఆమె కథ ఏదైనా నరం మాత్రం నిజం. కొందరిలో అది కండరం లోపల దాక్కుని కనబడదు కూడా, అందుకే పై కొన రక్తనాళాలను గంపగుత్తగా కట్టకుండా, గ్రంథికి దగ్గరగా ఒక్కొక్కటే కట్టడం పద్ధతి. మన ఆడవాళ్లు బతుకమ్మ తొమ్మిది రోజులూ పాట అందుకుంటారు, ముందు పాడే ఆమె గొంతు చివరి వరస దాకా వినబడాలి. అట్లా పాడే మనిషి అయితే ఆ సంగతి సర్జన్‌కు ముందే చెప్పండి. పాటగత్తె అని తెలిసిన చోట ఆ పై కొన దగ్గర కూడా చేయి నెమ్మదిస్తుంది.

ఎంతమందికి జరుగుతుంది ఇది? అలవాటున్న చేతుల్లో శాశ్వతంగా నూటికి ఒకరిద్దరికి, తాత్కాలికంగా ఐదు నుంచి పది మంది దాకా. క్యాన్సర్ నరాన్ని అంటుకుని ఉంటే, ఇది రెండోసారి కోత అయితే, గడ్డ ఛాతీలోకి దిగి ఉంటే ఎక్కువ. అలవాటు అనే మాటకు ఒక కొలత కూడా ఉంది, 2017లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఏడాదికి 25 కంటే ఎక్కువ థైరాయిడ్ ఆపరేషన్లు చేసే సర్జన్ల దగ్గర ఇబ్బందులు తక్కువని చూపించింది. కాబట్టి హాస్పిటల్ బిల్డింగ్ ఎంత పెద్దదో చూడటం కంటే, ఏడాదికి ఎన్ని చేస్తారు సార్ అని అడగడం మేలు. ఎక్కువ చేసేవాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. ఆ చేయి హనుమకొండలో ఉందా హైదరాబాద్‌లో ఉందా అన్నది తర్వాతి మాట.

దెబ్బతిన్న నరం చాలాసార్లు తిరిగొస్తుంది, వారాల్లో కావచ్చు, ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది దాకా ఆశ ఉంటుంది. ఈలోపు ఊరికే కూర్చోకూడదు. స్పీచ్ థెరపిస్ట్ దగ్గర గొంతు వ్యాయామాలుంటాయి, గడ్డం ఛాతీ వైపు వంచి చిన్న గుక్కలుగా తాగితే పొలమారడం తగ్గుతుంది. గాలి మరీ ఎక్కువ పోతుంటే కదలని కార్డ్‌లోకి సూదితో మందు ఎక్కించి ఉబ్బించి, రెండోదానికి అందేలా చేస్తారు, ఏడాదికీ రాకపోతే థైరోప్లాస్టీ అనే ఆపరేషన్‌తో శాశ్వతంగా మధ్యకు జరుపుతారు. నరం తెగిందని అక్కడికక్కడే తెలిస్తే వెంటనే కలిపి కుట్టొచ్చు. కార్డ్ మళ్లీ కదలకపోయినా కండరం ఎండిపోకుండా ఉంటుంది, మాట బాగుపడుతుంది. తెలియడమే ముఖ్యం అనేది అందుకే.

చిన్నమ్మ కార్డ్ నాలుగో నెల చివర్లో కదలడం మొదలైంది. అప్పటిదాకా క్లాసులో ఒక స్టీలు గ్లాసు, చెంచా పెట్టుకుని వాయించి పిల్లల్ని పిలిచేది. ఆ మూడు వారాలు ముందే తెలిసి ఉంటే వ్యాయామాలు అప్పుడే మొదలయ్యేవి, పొలమారినప్పుడల్లా ఆమె ఒంటరిగా భయపడేది కాదు. ఇంకా నాకు మనసులో గుచ్చుకునేది ఏంటంటే, ఆపరేషన్‌కు ముందు ఎవరూ చూడలేదు కాబట్టి, ఆ కార్డ్ అంతకుముందు కదిలేదో లేదో కాగితం మీద ఎక్కడా లేదు. గొంతు బాగుందంటే కార్డ్ బాగున్నట్టు కాదు, ఒకటి కదలకపోయినా రెండోది మెల్లగా సర్దుకుని మాట మామూలుగా వినిపించేవాళ్లు ఉంటారు. అట్లాంటి మనిషికి బాగున్న రెండో పక్కన కోత పెడుతున్నామని తెలియకుండా కోయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అందుకే సంగెం రైతుకు నేను చెప్పింది రెండు మాటలు. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి గొంతులో కెమెరాతో చూపించమను. నరాన్ని చూసి చేస్తారా అని సర్జన్‌ను మర్యాదగా అడుగు. కాగితం మీద రాసిస్తే చేతి రుమాలులో మడిచి పెట్టుకున్నాడు.

మూడో రోజు ఫోన్ చేశాడు. ఈఎన్‌టీలో ముక్కులోంచి సన్న పైపు వేసి, ఆమెను "ఈ..." అనమన్నారట, తెర మీద రెండూ కదులుతుంటే ఆయన్ను కూడా లోపలికి పిలిచి చూపించారట. "రెండు దిక్కులా మంచిగ ఆడుతున్నయి తమ్మీ. బొమ్మ కూడ ఇచ్చిన్రు, ఫైల్ల పైలంగ పెట్టిన. ఆపరేషన్ అయినంక మల్ల తీస్తరు గద, రెండు పక్కపక్కన పెట్టి చూసుకుంట."